బిడియపు చేపకు ఇరుగుపొరుగు ఎవరు?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావాటి సారాంశం ఒకటే: ముచ్చటపడి తెచ్చుకున్న చేప కంటికి కనబడటం లేదు. అందుకని ఈ విడత పేజీలన్నీ బిడియపు చేపలకే కేటాయించాం.

ప్రశ్న: మా అక్వేరియం మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు. ఆరు నెలలుగా అందులో 5 టైగర్ బార్బులు, 6 జీబ్రా డానియోలు ఉన్నాయి. నెల కిందట పెర్ల్ గౌరామి జంటను వేశాను. మగది రోజంతా ఫిల్టరు వెనకే ఉంటోంది. ఆడది మొక్కల్లోంచి బయటికి రావటం లేదు. మేత వేసినా అంతే. ఏ చేపా వాటిని కరుస్తున్నట్టు నాకు కనబడలేదు. ఇంకో జంట వేస్తే వీటికి ధైర్యం వస్తుందా?

జవాబు: ఇంకో జంట వద్దు. మగ గౌరామిలు రెండయితే ఉన్న భయానికి కొట్లాట కూడా తోడవుతుంది. మారాల్సింది ఆ రెండిటి చుట్టూ ఉన్న చేపలు.

కరవడం మీ కంట పడకపోవచ్చు. టైగర్ బార్బు వెనక నుంచి వచ్చి ఒక్క కొరుకు కొరికి పోతుంది, అంతా రెప్పపాటులో అయిపోతుంది. కాబట్టి కాపు కాయకుండా ఆనవాలు వెతకండి. పెర్ల్ గౌరామికి పొట్ట కింద దారాల్లాంటి రెండు పొడవాటి రెక్కలుంటాయి. మసక నీళ్లలో గుడ్డివాడి చేతికర్రలా వాటితో తడుముకుంటూ పోతుంది. ఆ దారాలు రెండూ సమానంగా, కొసలు సన్నగా ఉన్నాయా? ఒకటి పొట్టిగా ఉన్నా, కొస తెగి మొద్దుగా ఉన్నా అది బార్బుల పనే. నీళ్లు శుభ్రంగా ఉంటే కొన్ని వారాల్లో మళ్లీ పెరుగుతాయి, మొదలంటా కొరికేస్తే మాత్రం అనుమానమే.

బార్బులు అయిదే ఉండటం వల్ల అల్లరి ఇంకా ఎక్కువవుతుంది. పదీ పన్నెండు ఉంటే పెద్దరికం కోసం తమలో తాము తరుముకుంటూ పొద్దుపుచ్చుతాయి. గుంపు చిన్నదైతే ఆ దురుసుతనం పక్కవాళ్ల మీదికి మళ్లుతుంది. అలాగని వాటి సంఖ్య పెంచమని కాదు. రెక్కలు వేలాడే చేప ఉన్న తొట్టిలో పన్నెండు బార్బులున్నా ప్రమాదమే.

డానియోల సంగతి వేరు. అవి పెద్దగా కరవవు, కానీ తిననివ్వవు. మేత నీటి మీద పడగానే అర నిమిషంలో ఊడ్చేస్తాయి. గౌరామి తినే తీరు అందుకు పూర్తిగా విరుద్ధం. దగ్గరికొస్తుంది, ఆగుతుంది, దారాలతో తాకి చూస్తుంది, అప్పుడు నోరు తెరుస్తుంది. అప్పటికి అక్కడ ఏమీ మిగలదు. 'కరవని చేపేగా, కలిసిపోతుంది' అనుకుని చాలామంది పొరబడేది ఇక్కడే. బిడియపు చేపకు తోడు వెతికేటప్పుడు అది ఎంత సాధువో అడిగే ముందు ఎంత వేగంగా తింటుందో అడగండి.

గౌరామికి ఇంకో అవసరం ఉంది. మొప్పలతోపాటు గాలి పీల్చుకునే అవయవం ఒకటి దాని తలలో ఉంటుంది. అందుకే అప్పుడప్పుడూ పైకొచ్చి గుటక వేసినట్టు గాలి తీసుకోవాలి. నీటి పై పొరలో ఎప్పుడూ తోపులాట ఉంటే గాలి కోసం పైకి రావడానికీ జంకుతుంది. తినలేక, తీరిగ్గా గాలి పీల్చలేక కృశించే గౌరామిలో రోగ లక్షణాలేవీ పైకి కనబడవు, ఒక రోజు చనిపోయి కనబడుతుంది.

ఇప్పుడు చేయాల్సింది. బార్బులు అయిదింటినీ ఒకేసారి వేరే తొట్టికి మార్చండి. ఒకటో రెండో ఉంచేద్దామని చూడకండి, గుంపు చెదిరిన బార్బు మరింత మొండిగా తయారవుతుంది. డానియోలనూ తీయగలిగితే మేలు. తరవాత రెండు వారాలు కొత్త చేపల జోలికి పోకండి. గౌరామిలు మేతకు పైకి రావడం మొదలయ్యాకే 8 నుంచి 10 హార్లెక్విన్ రస్బోరాలు వేయండి. అవి 4 సెంటీమీటర్లు దాటి పెద్దగా పెరగవు, నీటి మధ్య పొరలో తాపీగా గుంపుగా తిరుగుతాయి, 24 నుంచి 27 డిగ్రీల నీళ్లు గౌరామిలాగే వాటికీ నప్పుతాయి.

ఇలాంటి చేపలను అక్వేరియం పెంపకందార్లు డిథర్ ఫిష్ అంటారు. చెరువులో చిన్న చేపలు ఆరుబయట నింపాదిగా తిరుగుతున్నాయంటే దగ్గర్లో కొంగా లేదు, పెద్ద చేపా లేదు అని దాక్కున్న చేపకు అర్థం. దానికి అదే 'బయటికి రావచ్చు' అనే కబురు. అయితే ఆ కబురు రెండు వైపులా పనిచేస్తుంది. గుంపు చేపలు మూడో నాలుగో ఉంటే అవే బెదిరి మూల చేరతాయి, వాటిని చూసి మీ గౌరామి ఇంకా లోపలికి పోతుంది. డానియోల్లా క్షణం నిలవకుండా పరుగులు తీసే చేపలు కూడా ప్రమాద సూచనలాగే కనబడతాయి. నింపాదితనం, తగినంత సంఖ్య రెండూ ఉంటేనే డిథర్ ఫిష్ వల్ల ఉపయోగం.

అడుగున తిరిగేందుకు 6 బ్రాంజ్ కోరిడోరాస్ చాలు. మీ తొట్టి కొలతల ప్రకారం 127 లీటర్లు, ఇసుకా పైన వదిలే ఖాళీ పోను దాదాపు 110. రెండు గౌరామిలకు, పది రస్బోరాలకు, ఆరు కోరిడోరాస్‌కు ఆ నీళ్లు సరిపోతాయి. తరవాత వీలైతే ఇంకో ఆడ గౌరామిని చేర్చండి. మగదాని వెంటపడటం ఇద్దరి మధ్య పంచుకుంటే ఉన్నదానికి ఊపిరాడుతుంది. రొమ్ము నారింజ రంగులో ఉండి, వీపు రెక్క పొడుగ్గా మొన తేలి ఉంటే మగది. గుండ్రంగా ముగిస్తే ఆడది.

తేలే మొక్కలతో పై భాగంలో మూడో వంతు కప్పండి. వెనకా ఒక పక్కా అద్దాలకు నల్ల కాగితం అంటించండి. ఫిల్టరు ధారను అద్దం మీదికి తిప్పితే వడి తగ్గుతుంది. మూతకూ నీటికీ మధ్య 3, 4 సెంటీమీటర్ల గాలి ఉండాలి, ఆ గాలి నీళ్లంత వెచ్చగా ఉండాలి. కాబట్టి మూత తీసి పెట్టే అలవాటు ఉంటే మానుకోండి.

ప్రశ్న: రెండు కూలీ లోచ్‌లు కొని నెల దాటింది. వేసిన రోజు చూడటమే, మళ్లీ కనబడలేదు. బతికే ఉన్నాయా? తొట్టి 70 లీటర్లు, అడుగున గులకరాళ్లు, పైన 8 గప్పీలు.

జవాబు: చనిపోతే ఏదో ఒక మూల ఆనవాలు దొరికేది, నీటి పరీక్షలోనూ అమ్మోనియా తేలేది. ఎక్కువ అవకాశం బతికే ఉన్నాయనే. లైట్లు ఆర్పిన గంట తరవాత చిన్న టార్చి మీద ఎర్ర కాగితం చుట్టి చూడండి. పాములాంటి ఈ చేపకు రాత్రే పగలు. దీపం పడితే రాళ్ల సందుల్లోకి దూరి పడుకుంటుంది.

రెండంటే దాని లెక్కలో ఒంటరితనమే. ఆరు, వీలైతే ఎనిమిది ఉండాలి. ఒకదాని మీద ఒకటి పడి పడుకునే జాతి అది. గుంపు నిండితే సాయంత్రమే బయటికి రావడం మొదలుపెడుతుంది, మేత వాసన తగిలితే పగలు కూడా. ఇక్కడ తోడు అంటే ముందు దాని జాతే. వేరే జాతుల మాట ఆ తరవాత.

గులకరాళ్లు మార్చక తప్పదు. మేత కోసం మూతినీ మీసాలనూ అడుగున గుచ్చి వెతికే చేపకు గరుకు రాళ్ల మీద మీసాలు అరుగుతాయి, పుండ్లు పడతాయి. పంచదార పలుకంత సన్నని, అంచులు నున్నగా ఉన్న ఇసుక 4, 5 సెంటీమీటర్ల మందం పోయండి. ఒక్కరోజులో మొత్తం తీసేయకుండా వారానికి మూడో వంతు చొప్పున మార్చండి. ఫిల్టరులోలాగే రాళ్ల మీద కూడా మేలు చేసే బ్యాక్టీరియా ఉంటుంది, అంతా ఒకేసారి పోతే అమ్మోనియా పెరుగుతుంది.

గప్పీలతో గొడవ లేదు, మేతతోనే చిక్కు. మీరు పైన వేసేది గప్పీలు కిందికి దిగనివ్వవు. రాత్రి లైటు ఆర్పిన అరగంటకు మునిగే గుళికలు రెండు చోట్ల వేయండి, ఒక్కో లోచ్‌కు ఒకటి రెండు చిన్న గుళికలు చాలు. ఉదయానికి మిగిలి ఉంటే మరునాడు తగ్గించండి.

ఈ చేప తప్పిపోయే దారులు కూడా చెప్పాలి. ఫిల్టరు పీల్చే గొట్టం నోటికి స్పాంజి తొడగండి, లేకపోతే లోపలికి దూరి అక్కడే కాపురం పెడుతుంది. మూతలో వైర్లు పోయే సందులను కూడా మూయండి. అడుగున పలక పెట్టి నీళ్లు లాగే పాతరకం ఫిల్టరు ఉంటే దాని కిందికి పోయి చిక్కుకుంటుంది.

అడుగు భాగంలో తన హద్దు గీసుకునే చేప ఏదీ దీనికి తోడు కాదు. రెయిన్‌బో షార్క్, సిక్లిడ్‌లు, యోయో లోచ్ ఆ కోవలోవే. 12 సెంటీమీటర్లు దాటి పెరిగే ఏ చేపకైనా లోచ్ వానపాములానే కనబడుతుందని గుర్తుంచుకోండి.

ప్రశ్న: దాక్కోవడం స్వభావమా, జబ్బా ఎలా తెలుసుకోవాలి? మా ఏంజెల్ ఫిష్ ఏడాదిగా చలాకీగా తిరిగేది, నాలుగు రోజులుగా మూల వదలటం లేదు.

జవాబు: మొదటి రోజు నుంచి దాక్కుంటే స్వభావం, లేదా పరిసరం. నిన్నటి దాకా తిరిగి ఇవాళ దాక్కుంటే నీళ్లో, జబ్బో, కొత్తగా చేరిన పొరుగో. మీది రెండో రకం. తోడు చేపల గురించి ఆలోచించే ముందు అమ్మోనియా, నైట్రైట్ పరీక్షించండి. రెండూ సున్నా ఉండాలి. కొంచెం తేలినా మూడో వంతు నీళ్లు మార్చి, రెండు రోజులు మేత ఆపండి. నైట్రేట్ లీటరుకు 40 మిల్లీగ్రాములు దాటకుండా చూసుకోండి.

నీళ్లు బాగున్నాయంటే చేపను గమనించండి. రెక్కలు ఒంటికి అతికించుకుని ఉండటం, మొప్పలు మామూలు కన్నా వేగంగా ఆడటం, తెల్లగా దారంలా మలం, కడుపు లోపలికి పోవడం ఇవన్నీ జబ్బు గుర్తులు. ఇవేవీ లేక, మేత చూస్తే కళ్లు తిప్పుతూ రావడానికి వెనకాడుతోందంటే ఎవరో బెదిరిస్తున్నట్టు. లైటు ఆర్పే ముందు పావుగంట కదలకుండా కూర్చుని చూడండి. రాత్రి చోటు కోసం జరిగే తగువులు ఎక్కువగా ఆ సమయంలోనే బయటపడతాయి.

ప్రశ్న: జర్మన్ బ్లూ రామ్ జంట, 12 నియాన్ టెట్రాలు, 5 కోరిడోరాస్ కలిపి 80 లీటర్ల తొట్టిలో పెట్టాలని ఉంది. అన్నీ సాధు చేపలే కదా?

జవాబు: సాధువులే. కానీ ఒకే ఇంట్లో ఉండే సాధువులు కారు. తగువు నీటి వెచ్చదనంతో.

రామ్‌ది ఒరినోకో నదీ ప్రాంతం. 28, 29 డిగ్రీల్లో అది బాగా ఉంటుంది. 24కు దిగితే రంగు వెలిసి, మేత మానేసి, ఏ చిన్న జబ్బుకైనా లొంగిపోతుంది. నియాన్ టెట్రాకు 22 నుంచి 25 హాయి. 29 డిగ్రీల్లో అది వెంటనే చావదు, ఒంట్లో అన్ని పనులూ వేగం పుంజుకుని ఆయుష్షు తగ్గిపోతుంది. పైగా నీళ్లు వేడెక్కేకొద్దీ ప్రాణవాయువు పట్టదు. 24 డిగ్రీల్లో లీటరు నీటిలో గరిష్ఠంగా 8.4 మిల్లీగ్రాములు కరిగే ఆక్సిజన్, 29లో 7.7కు పడిపోతుంది. మధ్యేమార్గమని 26 దగ్గర పెడితే రెండు వైపులా అసంతృప్తే. చాలామంది చేసేది అదే, ఆరు నెలల్లో రామ్ ఎందుకు పోయిందో తెలియక తలపట్టుకునేది కూడా వాళ్లే.

నియాన్ బదులు కార్డినల్ టెట్రా తీసుకోండి. చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. ఎరుపు చార మూతి నుంచి తోక దాకా ఉంటే కార్డినల్, సగం నుంచి మొదలైతే నియాన్. కార్డినల్ 28 డిగ్రీలకు తట్టుకుంటుంది. రమ్మీనోస్ టెట్రా కూడా నప్పుతుంది, అదనంగా ఒక లాభం ఉంది: నీళ్లు పాడైతే ముందుగా దాని మూతి ఎరుపు వెలిసిపోతుంది. పరీక్ష సీసా కన్నా ముందే హెచ్చరిక అందుతుంది. ఏది తీసుకున్నా 10కి తగ్గకుండా వేయండి. రామ్ ధైర్యంగా మధ్యలోకి రావడానికి ఆ గుంపే ఆధారం.

కోరిడోరాస్ విషయంలో మా సలహా: 80 లీటర్లలో వద్దు. రామ్‌లు జత కట్టి గుడ్లు పెడితే దాదాపు అడుగు చోటును తమదని కాపలా కాస్తాయి. రెక్కలు విప్పి, మొప్పలు ఉబ్బించి 'దగ్గరికి రావద్దు' అని చెబుతాయి. టెట్రాలకు ఆ భాష తెలుసు, తప్పుకుంటాయి. కోరిడోరాస్‌కు తెలియదు. తరిమితే పోయి అదే దారిన మళ్లీ వస్తుంది, రాత్రయితే గుడ్లను తినేస్తుంది. తల్లిదండ్రులు అలిసిపోయి, కోరిడోరాస్ కళ్లకు దెబ్బలు తగిలి రెండు వైపులా నష్టమే. నాలుగడుగుల తొట్టి అయితే వేడిని తట్టుకునే స్టెర్బై కోరిడోరాస్ ఆరింటిని రెండో కొసకు వదలవచ్చు, మధ్యలో చెక్కా రాళ్లూ అడ్డుపెట్టి.

ఇంకొక్క మాట. ఫిల్టరు పెట్టి మూడు నెలలైనా నిండని తొట్టిలో రామ్ వేయకండి. ముందు టెట్రాలు స్థిరపడనివ్వండి.

ప్రశ్న: స్కార్లెట్ బాడిస్ 'జంట' తెచ్చాను. గప్పీలున్న 40 లీటర్ల తొట్టిలో వేశాను. రెండూ ఎర్రగా ఉన్నాయి, ఒకదాన్ని ఒకటి తరుముతున్నాయి, మేత ముట్టటం లేదు. ఫ్లేక్స్, గుళికలు రెండూ వేసి చూశాను.

జవాబు: రెండూ ఎర్రగా ఉన్నాయంటే మీకు వచ్చినవి రెండూ మగవే. ఆడది బూడిద రంగులో చప్పగా ఉంటుంది కాబట్టి అమ్మకానికి తక్కువ వస్తుంది. 40 లీటర్లలో రెండు మగవాటికి ఒకే దారి: మధ్యలో నాచూ మొక్కలూ చెక్కా దట్టంగా పెట్టి ఒకదానికొకటి కనబడకుండా చేయడం. అప్పటికీ తరుముకుంటే ఒకదాన్ని తీసేయండి.

మేత ముట్టకపోవడం దాని మొండితనం అనుకోకండి. 2 సెంటీమీటర్లకు మించని ఈ చేప బ్రహ్మపుత్ర ఉపనదుల్లోని మెల్లని నీళ్లలో కదిలే పురుగుల కోసం పొంచి ఉండి పట్టుకుంటుంది. కదలనిదాన్ని అది తిండిగానే గుర్తించదు. మీరు వేసిన ఫ్లేక్స్ దాని దృష్టిలో ఆకు ముక్కలు. పైగా గప్పీలు. కదిలే మేత వేసినా బాడిస్ గురి చూసేలోపు అవి మింగేస్తాయి. కాబట్టి గప్పీలు, బాడిస్ ఒక తొట్టిలో ఎప్పటికీ కుదరవు. గప్పీలను మార్చండి.

రోజూ మేతకు బ్రైన్ ష్రింప్ (ఉప్పునీటి చిన్న రొయ్య) పిల్లలను ఇంట్లోనే పొదిగించవచ్చు. సీసాలో లీటరు నీళ్లు పోసి 25 గ్రాముల ఉప్పు కలపండి, పావు చెంచా బ్రైన్ ష్రింప్ గుడ్లు వేయండి. ఎయిర్ పంపు గొట్టం అడుగు దాకా దించి, గుడ్లు ఒక చోట పేరుకోకుండా బుడగలు ఆడనివ్వండి. 26 నుంచి 28 డిగ్రీల్లో, వెలుతురులో ఉంచితే 24 నుంచి 30 గంటల్లో నారింజ రంగు పిల్లలు బయటికొస్తాయి. గాలి ఆపి పది నిమిషాలు వదిలేయండి. ఖాళీ పెంకులు పైకి తేలతాయి, పిల్లలు కిందికి, వెలుతురు వైపుకు చేరతాయి. సన్నని గొట్టంతో కింది నీళ్లు లాగి, పలచని గుడ్డలో వడకట్టి, మంచినీళ్లతో ఒకసారి కడిగి వేయండి. పెంకులు కలిస్తే చిన్న చేపల పేగుల్లో అడ్డుపడతాయి, అందుకే ఆ పది నిమిషాల ఓపిక. పొదిగిన కొద్ది గంటల్లోనే వేయాలి. ఆలస్యమైతే పిల్లలు తమలోని పచ్చసొన తామే ఖర్చు చేసుకుంటాయి, చేపకు దక్కే బలం తగ్గుతుంది.

డ్రాపర్‌తో బాడిస్ ఉన్న చోటే నాలుగైదు చుక్కలు వదలండి. వారం పది రోజుల్లో డ్రాపర్‌ను చూసి ఎదురొస్తుంది. తరవాత డాఫ్నియా, మంచులో గడ్డకట్టించిన సైక్లాప్స్‌లాంటి నలుసంత నీటి జీవులను డ్రాపర్ ధారలో కదిలేలా వేస్తే కొన్ని ఒప్పుకుంటాయి. అన్నీ ఒప్పుకోవు.

పొరుగు కావాలంటే చిల్లీ రస్బోరా 8 వేయవచ్చు. పరిమాణం అంతే, నోరు ఇంకా చిన్నది, తిరిగేది పై పొరలో. నీళ్లు 24, 25 డిగ్రీల్లో ఉంచితే రెండింటికీ నప్పుతుంది. పెద్ద చెర్రీ ష్రింప్‌లనూ నత్తలనూ ఉంచవచ్చు. ష్రింప్ పిల్లలు మాత్రం బాడిస్ భోజనంలో భాగమే.

ప్రశ్న: అన్ని జాతులూ ఎంచుకున్నాక ఏ వరసలో వేయాలి? అన్నీ ఒకే రోజు వేస్తే ఎవరిదీ 'ముందొచ్చిన హక్కు' ఉండదు కదా?

జవాబు: ఆ తర్కం దూకుడు చేపలకు కొంతవరకు పనికొస్తుంది. ఫిల్టరు మాత్రం ఒప్పుకోదు. బ్యాక్టీరియా అప్పటిదాకా ఉన్న చేపల వ్యర్థానికి సరిపడా మాత్రమే పెరిగి ఉంటుంది. ఒక్కసారిగా ఇరవై చేపలు పడితే మూడో రోజుకు అమ్మోనియా తేలుతుంది, దాని దెబ్బ ముందు తగిలేది బిడియపు చేపకే.

మా వరస ఇది. ముందు డిథర్ ఫిష్ గుంపు, ఓపికున్న జాతి అయితే మొత్తం ఒకేసారి. వాటిలో మూడు మూడు చొప్పున వేస్తే గుంపు అనిపించదు. రెండు వారాలకు అడుగున తిరిగేవి. ఇంకో రెండు వారాలకు బిడియపు చేప. అప్పటికి తొట్టి ప్రశాంతంగా ఉంటుంది, అది వచ్చేది అలవాటు పడిన వీధిలోకి. హద్దులు గీసుకునే చేప ఏదైనా ఉంటే అన్నిటికన్నా చివర. ఇప్పటికే అలాంటి చేప ముందే ఉందంటే, కొత్తదాన్ని వదిలే రోజు చెక్కలనూ రాళ్లనూ అటూ ఇటూ మార్చండి. దాని పాత హద్దులు చెరిగిపోయి అందరూ కొత్తవాళ్లే అవుతారు.

ప్రతి విడతనూ మూడు నాలుగు వారాలు వేరే తొట్టిలో ఉంచాలి. 40 లీటర్ల గాజు తొట్టి, హీటరు, స్పాంజి ఫిల్టరు చాలు. ఆ స్పాంజిని ముందే నెల రోజులు పెద్ద తొట్టిలో నడిపించి ఉంచితే బ్యాక్టీరియాతో సిద్ధంగా ఉంటుంది. అడుగున ఏమీ పరచకండి, శుభ్రం చేయడం తేలిక. అయితే బిడియపు చేపను బోసి గాజులో పెడితే దిగులుతోనే సగం అవుతుంది. మూడు పక్కలా కాగితం అంటించి, లోపల రెండు పైపు ముక్కలూ కొంచెం నాచూ వేయండి. తెల్లచుక్కల జబ్బు బయటపడేది ఈ వ్యవధిలోనే. దాన్ని ఇక్కడే నయం చేస్తే పెద్ద తొట్టిలో మందు పోయాల్సిన అవసరం రాదు. పొలుసులు అతి సన్నగా ఉండే లోచ్‌లు రాగి ఉన్న మందులకు తట్టుకోలేవు. రాగి వల్ల ష్రింపులూ నత్తలూ చస్తాయి. కలగలుపు తొట్టిలో మందు వేయడం ఎప్పుడూ ఎవరో ఒకరికి హాని చేసేదే.

మార్చే రోజు సంచిని 20 నిమిషాలు తేలనిచ్చి, తరవాత ముప్పావు గంటపాటు అయిదు నిమిషాలకోసారి అర కప్పు తొట్టి నీళ్లు కలపండి. చేపను వలతో ఎత్తి వదలండి, సంచి నీళ్లు తొట్టిలో పోయకండి. లైటు మరునాటి దాకా వేయవద్దు. మొదటి రోజు మేత పెట్టకపోయినా చేపకు ఏమీ కాదు.

చిన్న ప్రశ్నలు, చిన్న జవాబులు

ఏంజెల్ ఫిష్‌తో నియాన్ టెట్రాలు? ఏంజెల్ నోట్లో నియాన్ పట్టే రోజు వస్తుంది, సాధారణంగా రాత్రి. లావుపాటి, 5 సెంటీమీటర్లు దాటే టెట్రాలు తీసుకోండి. సెర్పే టెట్రా మాత్రం వద్దు, అది రెక్కలు కొరుకుతుంది.

ఫైటర్ చేపకూ గౌరామికీ కుదురుతుందా? ఇద్దరూ నీటి పై పొరకు హక్కుదారులే, ఇద్దరి రూపూ ఒకదానికి ఇంకొకటి పోటీదారుగానే కనబడుతుంది. వద్దు.

అద్దాలకు పట్టే పాకుడు తినడానికి సక్కర్ ఫిష్ వేయవచ్చా? ఆ పేరుతో ఎక్కువగా అమ్మేది అడుగు దాటి పెరిగే ప్లెకో. రాత్రిళ్లు డిస్కస్‌లాంటి నెమ్మది చేపల ఒంటి జిగురును గీకి తినడం కూడా దానికి అలవాటే. 12 సెంటీమీటర్ల దగ్గర ఆగే బ్రిసిల్‌నోజ్ మేలు. నెమ్మది చేపల తొట్టికి ఒక్కటి చాలు.

సెలెస్టియల్ పెర్ల్ డానియోలు ఆరు తెచ్చాం, అన్నీ మొక్కల్లోనే. మయన్మార్‌లో 2006లో బయటపడి, మరుసటి ఏడాది శాస్త్రీయ నామం పొందిన ఈ చేప చిన్న తొట్టిలో కూడా బెదురుతుంది. ఆరుకు పదిహేను చేయండి, వాటిలో ఆడవి ఎక్కువ ఉండాలి. నీళ్లు 22 నుంచి 24 డిగ్రీలు. తోడుగా 8 పిగ్మీ కోరిడోరాస్ సరిగ్గా సరిపోతాయి, అవి అడుగునే ఉండకుండా నీటి మధ్యలో కూడా గుంపుగా ఈదుతాయి.

గోల్డ్ ఫిష్‌తో కూలీ లోచ్? గోల్డ్ ఫిష్‌కు చల్లని నీళ్లు, లోచ్‌కు వెచ్చని నీళ్లు. అదొక్కటీ కుదిరినా గోల్డ్ ఫిష్ నోరు కుదరదు.